"చంపేస్తా వెధవా"ని ఇంగ్లీషులో ఏమనాలి?

అమెరికాలో నేను చేసే పని మాటలు మోయడం. ఇంటర్‌ప్రెటర్‌ని. కోర్టులోనో ఆస్పత్రిలోనో ఒకవైపు ఇంగ్లీషు, ఇంకోవైపు తెలుగు, మధ్యలో నేను. ఎక్కువగా ట్రాఫిక్ టికెట్లు, యాక్సిడెంటు క్లెయిములు, కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దాయనకి అర్ధరాత్రి పట్టుకున్న గుండెనొప్పి. వాటి మధ్యలో ఏడాదికి అయిదారు సీపీఎస్ కేసులు. చైల్డ్ ప్రొటెక్టివ్ సర్వీసెస్, పిల్లల రక్షణ చూసే ప్రభుత్వ శాఖ. ఇక్కడి తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో దీన్ని పోలీసుల కన్నా పెద్ద భూతంగా చెప్పుకుంటారు.

ఆ గదుల్లో విన్నది బయట చెప్పనని మాటిచ్చి లోపలికి వెళ్తాం కాబట్టి, మనుషుల్ని, వివరాల్ని మార్చి, ఒక ఇంటి సంగతి ఇంకో ఇంటితో కలిపి రాస్తున్నాను.

నవ్వుకునేదానితో మొదలుపెడతాను. ఎనిమిదేళ్ళ పిల్లాడు క్లాసులో, హోంవర్క్ చేయకపోతే మా అమ్మ చంపేస్తానంది అని చెప్పాడు. ఇంగ్లీషులో, ఏదో వాతావరణ వార్త చదివినట్టు. టీచర్ వెంటనే ఫోన్ చేసింది. చేయక తప్పదు, పిల్లలకి హాని జరుగుతోందన్న అనుమానం వస్తే టీచర్లు, డాక్టర్లు, నర్సులు రిపోర్ట్ చేసి తీరాలని ప్రతి రాష్ట్రంలోనూ చట్టం ఉంది. మర్నాడు సోషల్ వర్కర్ ఇంటికొచ్చింది. నేను ఫోన్లో, స్పీకర్ మీద.

"ఆ మాట అన్నారా?"

"అన్నానండీ. చంపేస్తా వెధవా, కాళ్ళు విరగ్గొట్టి మూల కూర్చోబెడతా అన్నాను. టీవీ ముందు నుంచి లేవకపోతే ఏమంటారు మరి?"

ఉన్నది ఉన్నట్టు చెప్పడమే నా ఉద్యోగం. చెప్పాను. చంపడం, కాళ్ళు విరగ్గొట్టడం, మూల, అన్నీ. అవతల కాసేపు చప్పుడు లేదు. అప్పుడు, ఇంటర్‌ప్రెటర్ తన తరఫున ఒక్క వివరణ ఇవ్వచ్చా అని అడిగి, తెలుగులో తల్లులు ఇలాంటివి రోజూ అంటారని, వీటిని అక్షరాలా తీసుకునే పిల్లలు ఉండరని చెప్పాను. నేనూ ఇవే తింటూ పెరిగానని కూడా అనేశాను, అది అనకూడదు నిజానికి. ఆవిడ నవ్వింది. పిల్లాడితో విడిగా మాట్లాడింది, ఒంటి మీద దెబ్బలేమీ లేవని చూసుకుంది, కొద్ది రోజుల్లో కేసు మూసేశారు.

మనవాళ్ళ గ్రూపుల్లో ఇలాంటి కథలే తిరుగుతాయి, చివరి భాగం లేకుండా. నార్వేలో చేత్తో అన్నం తినిపించినందుకు పిల్లల్ని లాక్కున్నారన్న 2011 నాటి సంగతి ఇప్పటికీ నెలకోసారి నా ఫోన్‌కి వస్తుంది. తల్లిదండ్రులు అలా చెప్పారు, అక్కడి అధికారులు కారణం అది కాదన్నారు, పిల్లలు 2012లో ఇండియాకి వచ్చారు. ఫార్వర్డ్‌లో ఉండేది మొదటి ముక్క మాత్రమే.

దీనికి తిరగేసిన కథ ఎవరూ ఫార్వర్డ్ చేయరు. ఇంకో ఇంట్లో తండ్రి "కొంచెం మందలించానండీ, అంతే" అన్నాడు. అదీ ఉన్నది ఉన్నట్టే చెప్పాను. టేబుల్ మీద పిల్లాడి వీపు ఫొటోలున్నాయి. బెల్టు బకిల్ ఆకారం అచ్చు గుద్దినట్టు పడింది. పాతవి పసుపుపచ్చగా, కొత్తవి నల్లగా. అమెరికాలో ఏ రాష్ట్రంలోనూ కన్నవాళ్ళు ఇంట్లో పిల్లల మీద చెయ్యి చేసుకోవడమే నేరం కాదు, అది ఒక హద్దులో ఉన్నంతవరకు చట్టం చూసీ చూడనట్టు పోతుంది. ఈ మాట చెబితే మనవాళ్ళు నమ్మరు. కానీ బకిల్ ఆ హద్దులో లేదు. తల్లి మూడు గంటల సేపు "ఆయన మంచోడే" అంటూనే ఉంది. ఆ సాయంత్రమే పిల్లాణ్ణి తీసుకెళ్ళారు. మంచి పని చేశారనుకున్నాను, ఇప్పటికీ అదే అనుకుంటాను. 2022లో ఈ దేశంలో హింస వల్లో నిర్లక్ష్యం వల్లో చనిపోయిన పిల్లలు సుమారు 1,990 మందని ప్రభుత్వ అంచనా, అందులో ఎక్కువమంది మూడేళ్ళు కూడా నిండనివాళ్ళు. అందుకే, కుటుంబ వ్యవహారాల్లో సర్కారుకేం పని అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్ళతో నాకు పడదు.

అయితే బకిల్ కేసులు ఎన్ని? దేశం మొత్తం మీద ఏటా 40 లక్షలకు పైగా ఫిర్యాదులు వస్తాయి. సగం దాకా ఫోన్ దగ్గరే పక్కన పెట్టేస్తారు. మిగతావి విచారించాక, హాని జరిగిందని తేలే పిల్లలు సుమారు ఐదున్నర లక్షలు. వాళ్ళలో నాలుగింట మూడు వంతుల మందికి రాసే కారణం కొట్టడం కాదు, 'నెగ్లెక్ట్'. దీన్ని నిర్లక్ష్యం అని చెబుతాను, ఆ మాట నోట్లోంచి వచ్చిన ప్రతిసారీ ఇబ్బందిగా ఉంటుంది. మనకి నిర్లక్ష్యం అంటే లెక్కలేనితనం, పట్టించుకోకపోవడం. ఇక్కడ ఆ గంప కింద అన్నీ వస్తాయి: మత్తుమందులకు బానిసై పాలు పట్టడం మర్చిపోయిన తల్లి, పిల్లల్ని చూసే మనిషి దొరక్క తొమ్మిదేళ్ళ పిల్లకి నాలుగేళ్ళవాణ్ణి అప్పగించి షిఫ్ట్‌కి వెళ్ళిన తల్లి, కరెంటు కట్ అయిన ఇల్లు. మొదటిది ప్రమాదం. చివరిది బిల్లు. కనీస వేతనం డాలరు పెరిగిన చోట నిర్లక్ష్యం ఫిర్యాదులు సుమారు 10 శాతం తగ్గాయని 2017లో ఇద్దరు పరిశోధకులు లెక్కగట్టారు. గంటకి ఒక డాలరు వస్తే తగ్గే నిర్లక్ష్యం ఏం నిర్లక్ష్యం?

ఇన్నేళ్ళు ఆ గదుల్లో కూర్చుని నాకు ఒక అభిప్రాయం ఏర్పడింది. తలుపు తట్టగానే అందరూ అడిగే ప్రశ్న, తప్పు ఎవరిది అని. అడగాల్సింది అది కాదు. ఈ పిల్ల ఈ ఇంట్లోనే క్షేమంగా ఉండాలంటే ఇక్కడికి ఎవరు రావాలి, లేదా ఇక్కణ్ణుంచి ఎవరు పోవాలి? దీనికి జవాబు దొరకని ఇళ్ళు కొన్ని ఉంటాయి, బకిల్ ఇల్లు అలాంటిది. తక్కిన చాలా ఇళ్ళలో దొరుకుతుంది, వెతికితే.

పోవాల్సిన మనిషి సంగతి ముందు. నేను వెళ్ళేసరికి సోషల్ వర్కర్ మొదటి విజిట్ అయిపోయింది. ఆ విజిట్‌లో ఇంటర్‌ప్రెటర్ లేరు. తల్లికి ఇంగ్లీషు అంతంతమాత్రం, అందుకని పదేళ్ళ కూతురు చెప్పింది. రెండోసారి ఆ నోట్సు నా చేత చదివించి, ఇది సరేనా అని తల్లిని అడిగారు. అందులో ఒక ప్రశ్న: నాన్న అమ్మని వారానికి ఎన్నిసార్లు కొడతాడు? ఆ పిల్ల దాన్ని తెలుగులోకి మార్చి అమ్మని అడిగింది. అమ్మ చెప్పిన జవాబుని ఇంగ్లీషులోకి మార్చింది. కొట్టడం లేదు, అప్పుడప్పుడు అరుస్తారు. అమ్మ అదే చెప్పిందో, కూతురే అలా మార్చిందో ఇప్పుడు ఎవరికీ తెలియదు. ఫెడరల్ డబ్బు, అంటే కేంద్ర ప్రభుత్వ డబ్బు తీసుకునే ఏ ఆఫీసైనా భాష రానివాళ్ళకి మనిషిని పెట్టాలని 1964 పౌరహక్కుల చట్టం నుంచి వచ్చిన నియమం. పేపర్ మీద ఉంది.

ఆ తల్లి రెండేళ్ళు 911కి ఫోన్ చేయకపోవడానికి కారణం భర్త భయం ఒక్కటే కాదు. "పోలీసులొస్తే పిల్లల్ని పట్టుకుపోతారంట కదక్కా" అంది. తోటి తెలుగువాళ్ళు చెప్పారట. మొత్తం అబద్ధమూ కాదు. భార్య దెబ్బలు తింటుంటే, అది పిల్లలు చూస్తుంటే, పిల్లల్ని కాపాడలేకపోయిందని ఆవిడ మీదే కేసు రాసే అలవాటు ఇక్కడ చాలా కాలం నడిచింది. న్యూయార్క్‌లో అలా పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు కోర్టుకెక్కారు, నికల్సన్ కేసు అంటారు. తల్లి హింసకు గురవుతున్నప్పుడు పిల్లలు చూశారన్నంత మాత్రాన ఆమె నిర్లక్ష్యం చేసినట్టు కాదని, తీసుకెళ్ళడం వల్ల పిల్లలకి జరిగే హానిని కూడా తూకం వేయాలని ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 2004లో తీర్పిచ్చింది. రెండో సగం నాకు ముఖ్యం. తీసుకెళ్ళడం అంటే కీడు నుంచి మేలుకి దాటించడం అనుకుంటారు. అది కూడా ఒక దెబ్బే. కొన్నిసార్లు తప్పని దెబ్బ.

మా కేసులో సోషల్ వర్కర్ తెలివైనది. సేఫ్టీ ప్లాన్ అని ఒక కాగితం ఉంటుంది, దాన్ని టేబుల్ మీద పరిచి, ఇంట్లోంచి ఎవరు వెళ్తారు అన్న గడి దగ్గర పెన్ను ఆపింది. ఆ ప్రశ్న తెలుగులో చెప్పాక తల్లి నా వైపు చూసి, "మేమెక్కడికి వెళ్తామండీ?" అంది. వెళ్ళాల్సింది తనే అని ఆమెకి అంత ఖాయంగా తెలుసు. గడిలో భర్త పేరు రాశారు. కోర్టు నుంచి ఆర్డర్ వచ్చింది, అతను వేరే చోటికి మారాడు, అద్దె అతనే కట్టాలన్నారు, పిల్లలు మర్నాడు మామూలుగా స్కూలుకి వెళ్ళారు. ఆ వారంలో ఆవిడకి వచ్చిన ఫోన్లలో సగం, సర్దుకుపోవాల్సింది, ఆయన కెరీర్ ఏమవుతుంది అని.

రావాల్సిన మనిషి రాని ఇంటి సంగతి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందులో దుర్మార్గుడు ఎవడూ లేడు.

తొలి కాన్పు. మన దగ్గరైతే పుట్టింటికి వెళ్ళి ఉండేది. వాళ్ళమ్మకి విజిటర్ వీసా స్లాట్ దొరకలేదు. భర్త వీసా స్టాంపింగ్‌కని ఇండియా వెళ్ళాడు, వెళ్ళక తప్పని స్థితి, అక్కడ పాస్‌పోర్ట్ చిక్కుకుపోయింది. ఏడు వారాల పాపతో ఆ అమ్మాయి ఒక్కతే అపార్ట్‌మెంట్‌లో. పాపకి టీకాలు వేయించడానికి వెళ్తే క్లినిక్‌లో పది ప్రశ్నల కాగితం ఇచ్చారు, బాలింతల డిప్రెషన్ పసిగట్టడానికి 1987 నుంచి వాడుతున్న ఎడిన్‌బరో ప్రశ్నలు. పదో ప్రశ్న, నిన్ను నువ్వు గాయపరచుకోవాలని అనిపించిందా? అవును, తరచుగా అన్న చోట టిక్ పెట్టింది. నిజం చెప్పింది. తెలుగులో అయితే చచ్చిపోవాలనిపిస్తోంది అని మనం విసుగుతోనూ అంటాం. కానీ నర్సు అడిగినప్పుడు ఆ అమ్మాయి ఎలాగో కూడా చెప్పింది, ఏ సమయంలోనో కూడా చెప్పింది. అది విసుగు కాదు. ఆస్పత్రిలో చేర్చారు. మంచిదే. మరి పాప?

"మా అన్నయ్య డల్లాస్‌లో ఉన్నాడు. ఈ రాత్రికే ఫ్లైట్ ఎక్కుతాడు, వచ్చి తీసుకెళ్తాడు." ఈ వాక్యాన్ని నేను ఆ సాయంత్రం నాలుగుసార్లు ఇంగ్లీషులో చెప్పాను. ఒక రాష్ట్రం తన సంరక్షణలోకి తీసుకున్న పిల్లని ఇంకో రాష్ట్రంలో ఉంచాలంటే రెండు రాష్ట్రాల మధ్య ఒప్పందం ఉంటుంది, దాని ప్రకారం అక్కడి అధికారులు ఆ ఇల్లు చూసి ఒప్పుకోవాలి. ఇల్లు చూసి నివేదిక ఇవ్వడానికి చట్టం ఇచ్చిన గడువే 60 రోజులు. సొంత మేనమామ. మన దగ్గర మేనమామ అంటే ఏమిటో ఆ ఫారంలో రాసే గడి లేదు.

చట్టం రక్తసంబంధం లేకపోయినా బంధువులాంటి మనిషికి పాపని అప్పగించే దారి చాలా రాష్ట్రాల్లో పెట్టింది. ఫిక్టివ్ కిన్ అంటారు. మనకి ఆ దారి సరిగ్గా సరిపోవాలి, కనిపించిన ప్రతివాళ్ళూ అన్నయ్యలు, వదినలు, ఆంటీలు, అంకుల్సే కదా. ఆ అమ్మాయి ఫోన్లోంచి ఆరు నంబర్లు ఇచ్చింది. శ్రీమంతానికి గాజులు తొడిగినవాళ్ళు అందులో ఉన్నారు. వేలిముద్రలు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అనగానే ఒకరికి గ్రీన్‌కార్డు మధ్యలో ఉంది, ఒకరికి ఇంట్లో గెస్టులున్నారు, ఒకరు అసలు ఫోన్ ఎత్తలేదు. ఆ కౌంటీని, అంటే అక్కడి స్థానిక ప్రభుత్వాన్ని, తప్పుపట్టడానికి నా దగ్గర చాలా ఉంది. ఆ ఆరు ఫోన్ కాల్స్ గురించి ఎవరిని తప్పుపట్టాలి? ఆ రాత్రి నేనూ నా నంబరు ఇవ్వలేదు. ఇంటర్‌ప్రెటర్ కేసులో తలదూర్చకూడదన్న నియమం ఉంది, ఆ నియమం ఆ రోజు నాకు చాలా సౌకర్యంగా కూడా ఉంది.

పాపని ఫాస్టర్ కేర్‌కి, అంటే ప్రభుత్వం చూపించే తాత్కాలిక పెంపుడు ఇంటికి పంపారు. భర్త పదకొండో రోజున వచ్చాడు. పాప ఇంటికి రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఒకసారి కోర్టు కేసు మొదలైతే దానికి దాని నడక ఉంటుంది. హియరింగ్, మానసిక పరీక్ష, తండ్రి ఆఫీసుకి వెళ్తే పగలు పాపని ఎవరు చూస్తారన్న ప్లాన్, పేరెంటింగ్ క్లాసు. క్లాసు ఇంగ్లీషులో. ఆ అమ్మాయి రెండు వారాలు వెళ్ళి అర్థం కాక మానేస్తే, సహకరించడం లేదని ఫైల్లో పడింది. ఇలాంటివి ఒక్కొక్కటీ చిన్నవే. కానీ 1997లో తెచ్చిన చట్టం ప్రకారం, పిల్ల గత 22 నెలల్లో 15 నెలలు ఫాస్టర్ కేర్‌లో ఉంటే, కొన్ని మినహాయింపులు తప్ప, కన్నవాళ్ళ హక్కులు పూర్తిగా రద్దు చేయమని రాష్ట్రం కోర్టుని అడగాలి. పిల్లలు ఏళ్ళ తరబడి ఎటూ కాకుండా మిగిలిపోకూడదన్న ఉద్దేశంతో పెట్టిన గడియారం అది, ఉద్దేశం మంచిదే. తెలుగులో క్లాసు దొరికేదాకా అది ఆగదు.

ఆ ఇంటికి నిజంగా కావలసింది ఏమిటి? మూడు వారాల పాటు ఒక మనిషి. రాత్రి రెండింటికి పాపని ఎత్తుకుని తిరిగే మనిషి. ఇది నా గొంతెమ్మ కోరిక కాదు. 1974లోనే వాషింగ్టన్ రాష్ట్రం టకోమాలో హోంబిల్డర్స్ అని ఒక పద్ధతి మొదలైంది: ఒక వర్కర్‌కి ఒకేసారి రెండు కుటుంబాలే, రాత్రీ పగలూ అందుబాటు, నాలుగు నుంచి ఆరు వారాలు, ఇంట్లోనే. యాభై ఏళ్ళయినా అది చాలా చోట్ల లేదు. దానికి కారణం డబ్బు వచ్చే దారి. ఇంట్లో ఉంచడానికి తగిన ప్రయత్నం చేయాలని 1980 చట్టం చెప్పింది, కానీ పిల్లని ఫాస్టర్ కేర్‌లో పెడితే ఫెడరల్ డబ్బు లెక్కప్రకారం వస్తూ ఉండేది, పెట్టకుండా ఆపే పనికి అదే పద్దు నుంచి వచ్చేది కాదు. 2018లో ఫ్యామిలీ ఫస్ట్ చట్టంతో ఆ పద్దు కొంచెం తెరిచారు. మానసిక వైద్యానికి, మత్తు మాన్పించడానికి, ఇంటికొచ్చి పేరెంటింగ్ నేర్పడానికి, 12 నెలల దాకా. అద్దెకి మాత్రం ఇవ్వరు. ఫాస్టర్ కేర్‌లో ఉన్న పిల్లలు 2018లో 4,30,000కు పైగా, 2023లో సుమారు 3,43,000. తగ్గారు. ఇదంతా ఆ చట్టం వల్లే అనడానికి నాకు ధైర్యం చాలదు.

తీసుకెళ్తే పిల్లలకి మంచిదా, ఉంచితే మంచిదా అన్నదానికి లెక్కలు అడిగేవాళ్ళు ఉంటారు. నాకు కూడా లెక్కలంటే ఇష్టమే. 2007లో జోసెఫ్ డాయిల్ అనే ఆర్థికవేత్త ఇల్లినాయ్ కేసులు తీసుకున్నాడు. ఒక అధికారి తీసుకెళ్ళేవాడు, ఇంకొకరు ఉంచేసేవాళ్ళు, అలా ఎటైనా వెళ్ళగల కేసులు. ఇంట్లోనే ఉన్న పిల్లలే పెద్దయ్యాక మెరుగ్గా ఉన్నారు, ముఖ్యంగా కాస్త పెద్ద వయసు పిల్లలు. ఇక్కడితో ఆపితే నా వాదన గెలిచేది. కానీ తర్వాత మిషిగన్‌లో అదే తరహా అధ్యయనం చేస్తే ఉల్టా వచ్చింది, ఫాస్టర్ కేర్‌కి వెళ్ళిన పిల్లలు చదువులో, భద్రతలో మెరుగయ్యారు. నేను రెండు రోజులు దాన్ని మింగలేకపోయాను. మళ్ళీ చదివితే, ఆ పిల్లల్లో ఎక్కువమంది ఒకటి రెండేళ్ళలో తిరిగి కన్నవాళ్ళ దగ్గరికే వచ్చారు, ఆ మధ్యలో కన్నవాళ్ళు మారారు అన్నది పరిశోధకులు సూచించిన ఒక వివరణ. అదే అయితే, ఆ సహాయం పిల్ల ఇంట్లో ఉండగానే ఎందుకు రాకూడదు?

లాయర్ల లెక్క ఇంకా సూటిగా ఉంది. పిల్లల మీద హక్కు పోయే కేసులో కూడా ప్రతి పేద తల్లికీ ప్రభుత్వం లాయరుని పెట్టి తీరాలని రాజ్యాంగం అనదని సుప్రీంకోర్టు 1981లో చెప్పింది. చాలా రాష్ట్రాలు సొంత చట్టాలతో ఇస్తాయి, ఎలాంటి లాయరన్నది అదృష్టం. నేను చూసినవాళ్ళలో కొందరు క్లయింట్‌ని మొదటిసారి కోర్టు వరండాలోనే కలుస్తారు, అయిదు నిమిషాలు, అందులో సగం నా అనువాదానికే పోతుంది. న్యూయార్క్‌లో లాయరుతో పాటు ఒక సోషల్ వర్కర్, అదే దారిలో నడిచి వచ్చిన ఇంకో తల్లి లేదా తండ్రి కలిసి పనిచేసే బృందాలు ఉన్నాయి. వాళ్ళు వాదించిన కుటుంబాల పిల్లలు తర్వాతి నాలుగేళ్ళలో సగటున 118 రోజులు తక్కువగా ఫాస్టర్ కేర్‌లో ఉన్నారని 2019లో తేలింది. పిల్లల భద్రతలో తేడా రాలేదు. పసిపాప విషయంలో 118 రోజులంటే బోర్లా పడటం, పాకడం.

ఎవరైనా తలుపు తడితే ఏం చేయాలని నన్ను ఫంక్షన్లలో అడుగుతారు. నేను లాయర్ని కాను. ఒక్కటి చెబుతాను: ఆరోపణ ఏమిటో మొదటి కలయికలోనే చెప్పాలని 2003 నుంచి ఫెడరల్ చట్టంలో ఉంది, అడగండి. ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. మీ పిల్ల చేత మాత్రం చెప్పించకండి. ఇంకోటి వాళ్ళు అడగరు కానీ నేను అడుగుతాను, మీ ఫ్రెండ్ ఫోన్ చేసి పాపని రెండు వారాలు ఉంచుకోమంటే వేలిముద్రలు ఇస్తారా? అక్కడికి టాపిక్ మారిపోతుంది.

పాప ఇంటికి రాని ఆ నాలుగు నెలల్లో, తల్లి వచ్చి పాపని చూసే విజిట్ వారానికి రెండుసార్లు ఉండేది. బొమ్మలు, ప్లాస్టిక్ కుర్చీలు ఉన్న చిన్న గది, ఒక గంట, పక్కన నోట్సు రాసుకునే సూపర్‌వైజర్. తల్లి ఏం మాట్లాడుతోందో ఆవిడకి తెలియాలి కాబట్టి ఇంటర్‌ప్రెటర్ ఉండాల్సిందే. కొన్నిసార్లు నేను వెళ్ళేదాన్ని. మాటకి మాట చెప్పాలి. తల్లి పాపని ఒళ్ళో వేసుకుని, "నా బంగారు కొండ, అమ్మొచ్చిందే, ఎవరే నువ్వు, ఎవరి పిల్లవే?" అంది. బంగారు కొండ దగ్గర నేను తడుముకున్నాను, చివరికి గోల్డెన్ హిల్ అన్నాను, ఆవిడ అలాగే రాసుకుంది. ఎవరి పిల్లవే అన్నది కూడా చెప్పాను, ఆ గదిలో అది ఎలా వినిపించిందో తెలిసీ.

తర్వాత ఆ అమ్మాయి మొహం దగ్గరగా పెట్టి "ఉంగా" అంది. పాప నోరు తెరిచి చూసింది. మళ్ళీ "ఉంగా, ఉంగా" అంది.

సూపర్‌వైజర్ పెన్ను ఎత్తి నా వైపు చూసింది. "ఏమంటోంది?"

"అది మాట కాదండీ," అన్నాను. ఆవిడ ఆ గడి ఖాళీగా వదిలేసింది. అటు పాప రెండు చేతులూ ఆడిస్తూ, తల్లి నోటి వంకే చూస్తూ, ఊఁ... గా, అంది.